వెనకింటి పైపు

నీళ్ళ ఆఫీసు గుమస్తా ఇచ్చిన కాగితం మీద అడ్రసు చదివి ఫిట్టర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాటకముందే మళ్ళీ తీసి చదివాడు. కాగితం మడిచినంత మాత్రాన ఇల్లు మారదు కదా, అదే ఇల్లు. ఒకే పైపు మీద రెండేసి ఇళ్ళు నడుస్తున్న చోటల్లా నెలాఖరులోగా విడదీసి ఎవరి కనెక్షన్ వాళ్ళకివ్వాలని పైనుంచి హుకుం వచ్చింది. ఆ వీధిలో అలాంటివి పదకొండున్నాయి. పది ఇళ్ళు మిగతా ఫిట్టర్లకు పోయి ఈ ఒక్కటే తన వంతుకు రావాలా? వెనక్కి వెళ్ళి, దీన్ని ఇంకెవరికైనా ఇవ్వకూడదా అని అడిగాడు. అక్కడేమన్నా పులి ఉందా అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

పులి లేదు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదైన ఇత్తడి బిళ్ళ ఒకటుంది. ముందింటి మెట్ల పక్కన, రాతిపలక కింద, వెనకింటికి వెళ్ళే పైపు జాయింటులో. నడిమధ్య సూది దూరేంత బెజ్జం. పన్నెండేళ్ళ కిందట దాన్ని అక్కడ వేసింది ఈ ఫిట్టరే.

బిళ్ళ వెయ్యడం మోసమేమీ కాదు, పనిలో భాగమే. ఒకే పైపు మీద ఒక ఇల్లు మెరకలోనూ ఒకటి పల్లంలోనూ ఉంటే పల్లపు ఇల్లు నీళ్ళన్నీ లాగేసుకుంటుంది. అటువైపు బిళ్ళ వేసి దాని దూకుడు తగ్గిస్తారు. అయితే ఏది పల్లమో కంటితో తేల్చకూడదు, లెవెల్ ట్యూబు పట్టి చూడాలి. లోపలిది పైకి కనిపించే సన్నని గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస ఈ గుమ్మం దగ్గరా ఒక కొస ఆ గుమ్మం దగ్గరా పట్టుకుంటే నిజం నీళ్ళే చెబుతాయి. ఆ రోజు ట్యూబు సైకిలు వెనక చుట్ట చుట్టి ఉంది. వెనకిల్లు పల్లమని ముందింటి మాస్టారు చెప్పారు. సగం ఊరికి లెక్కలు నేర్పిన మనిషి చెప్పాక మళ్ళీ కొలవడమేమిటి, ఆయన్ని అనుమానించినట్టుంటుందని ట్యూబు విప్పలేదు. సోమరితనానికి మర్యాద అని పేరు పెట్టుకుంటే ఎంత సుఖంగా ఉంటుందో ఆ రోజు ఫిట్టర్‌కి తెలిసొచ్చింది. బిళ్ళ వేశాడు, వాళ్ళిచ్చిన టీ తాగాడు, వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సైకిలు ఆపి చూస్తే గేటు దగ్గర వెనకింటామె పార పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారికి తమ్ముడి భార్య. తమ్ముడు పోయి ఏడాదైంది. నలభై దాటిన మనిషి, కుడి భుజం ఎడమ భుజం కంటే రెండంగుళాలు కిందికి జారి ఉంది. తవ్వే మనిషి వారం దాకా దొరకడట, తానే తవ్వుతానంది. బావగారు ఒప్పుకోలు కాగితం మీద సంతకమైతే పెట్టారు గాని మూడు రోజుల్లో తవ్వి పూడ్చి నేల ఎప్పటిలా చెయ్యాలన్నారట.

మాస్టారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మోకాలి మీద పేపరు. బాగున్నావా, పిల్లలేం చేస్తున్నారు అని కుశలం అడిగారు. ఆయన ఎవరినీ ఎప్పుడూ గట్టిగా ఒక మాట అన్న మనిషి కాదు. కొత్త పైపు గోడ వెంట వేసుకుపొమ్మని, మెట్ల దగ్గర పలక మాత్రం కదపొద్దని చెప్పారు. పాత పైపుని జాయింటు దగ్గర కోసి మూత బిగించకపోతే ఆఫీసు ఒప్పుకోదని ఫిట్టర్ నసిగాడు. మాస్టారు పేపరు నాలుగు మడతలు పెట్టారు.

"రూల్సు నీకు తెలిసినంత నాకేం తెలుస్తాయిలే. అప్పుడూ చూసింది నువ్వే కదా" అన్నారు నవ్వుతూ.

గుమ్మడికాయల దొంగ అనకముందే ఫిట్టర్ భుజాలు తడుముకున్నాడు.

వీధి మెయిన్ పైపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంట వెనకింటి గుమ్మం దాకా తవ్వాలి, మోకాలి లోతు. ఫిట్టర్ గడ్డపారతో పొడిచి వదులు చేస్తుంటే ఆమె పారతో మట్టి ఎత్తిపోసింది. ఆమెకి పని చేతనవును. వంగినప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచేది. ఏళ్ళ తరబడి బరువులు మోసినవాళ్ళకే తెలిసే కిటుకు అది. పని చేస్తూ మాట్లాడింది, మాట్లాడుతూ పని చేసింది. వీధి చివర పబ్లిక్ కుళాయి దగ్గర్నుంచి రోజుకు పద్నాలుగు బకెట్లట. కూతురు ఎనిమిదో తరగతితో ఆపేసిందట, బడి గంటా కుళాయి గంటా ఒక్కటే కావడంతో. ఇప్పుడు బట్టల షాపులో కొనడానికొచ్చినవాళ్ళు చిందరవందర చేసిన గుడ్డలు మళ్ళీ మడతలు పెట్టే పని చేస్తోంది. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం.

"మీ నాన్న ఉన్నప్పుడు ఈ పైపు వచ్చుంటే నువ్వు ఈపాటికి టీచరమ్మవి అయ్యేదానివే అంటాను. నవ్వుతుంది. దానికి నవ్వడం తప్ప ఏం తెలీదు" అంది ఆమె.

వాళ్ళ నాన్న గోడౌన్‌లో తూకాలు చూసేవాడు. ఏదైనా కొలిస్తేగాని నమ్మని మనిషి. కుళాయి కింద బకెట్ పెట్టి, గడియారం పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. బకెట్ నిండడానికి నలభై నిమిషాలు. ముందింట్లో అదే బకెట్ రెండు నిమిషాలు. ఒకే పైపు, ఒకే నీళ్ళు, ఇంత తేడా ఎలా వస్తుందని కనిపించిన వాళ్ళందరినీ అడిగేవాడు. మధ్యలో ఏదో ఉంది, ఎవరో ఏదో పెట్టారు అనేవాడు. అన్న మీద అంత మాట అంటాడా అని జనం నోళ్ళు నొక్కుకున్నారు. నీళ్ళ పిచ్చోడని పేరు పెట్టారు. ఆ పేరు చచ్చేదాకా పోలేదు, చచ్చాక కూడా పోలేదు. పోయిన రోజున ఎవరో అడ్రసు అడిగితే నీళ్ళ పిచ్చోడి ఇల్లా, అదిగో అని చూపించారట.

"ఆ రోజు నలుగురూ కూర్చున్నప్పుడు ట్యూబు పట్టి చూసింది నువ్వే కదన్నా?"

అవునన్నాడు ఫిట్టర్, గడ్డపార రాయికి తగిలిందన్నట్టు వంగి చూస్తూ.

ఆ రోజు అతనికి ఇప్పటికీ నిన్నటిలాగే ఉంది. బిళ్ళ వేసిన రెండేళ్ళకు అది. ఇదే అరుగు మీద వీధి పెద్దలు నలుగురు కూర్చున్నారు. తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతిలో గడియారం. కొలిచి చెప్పమన్నారు. ఫిట్టర్ ఈసారి ట్యూబు విప్పాడు. ముందింటి గుమ్మం దగ్గర ఒక కొస, వెనకింటి గుమ్మం దగ్గర ఒక కొస. ఊగి ఊగి నీళ్ళు నిలబడ్డాయి. వెనకిల్లు జానెడు మెరక. బిళ్ళ వెయ్యకూడని ఇంటికి బిళ్ళ వేశాడని ఆ క్షణంలో అతనికి తెలిసింది. పొరపాటు నాది, ఇప్పుడే తీసేస్తాను అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ట్యూబు పట్టని ఫిట్టర్ అని వీధంతా చెప్పుకుంటారని మింగేశాడు. వెనకిల్లు మెరక మీద ఉంది, నీళ్ళెక్కవు అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అంత బాగా అతికింది.

తర్వాత ఎప్పుడైనా వచ్చి చడీచప్పుడు లేకుండా తీసేద్దామనుకున్నాడు. ఆ ఎప్పుడైనా అనేది పదేళ్ళు రాలేదు.

మర్నాడు పొద్దున మాస్టారు నడకకు వెళ్ళే వేళ చూసుకుని వచ్చాడు. ఆమె లోపల కూతురికి అన్నం సర్దుతోంది. ఫిట్టర్ నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళి గడ్డపార కొసతో రాతిపలక అంచు లేపాడు. కింద మట్టి నల్లగా, చల్లగా ఉంది. చేత్తోనే తోడాడు. వీధి వాల్వు కట్టేసి, ఒక రెంచితో పైపు పట్టి ఇంకో రెంచితో జాయింటుని కలిపి పట్టే యూనియన్ నట్టు తిప్పాడు. అది కదలనంది. కిరోసిన్ పోసి, సుత్తితో చుట్టూ తట్టి, ఒళ్ళంతా బరువు వేసి మళ్ళీ తిప్పాడు. కీచుమని ఒక అరుపు అరిచి వదులైంది. జాయింటు రెండు ముఖాల మధ్య నుంచి బిళ్ళని స్క్రూడ్రైవర్‌తో పెకలించాడు. పచ్చగా చిలుము పట్టి ఉంది. బెజ్జం తను చేసినప్పుడున్నంత కూడా లేదు, చుట్టూ సున్నం పేరుకుని సగమైంది. అంటే ఆ నలభై నిమిషాల బకెట్ తర్వాత తర్వాత గంట దాటి ఉంటుంది. ఆ సంగతి వాళ్ళాయన కొలిచాడో, కొలవడం మానేశాడో.

బిళ్ళ జేబులో వేసుకుని, యూనియన్ బిగించి, మట్టి నింపి, పలక కప్పి, వాల్వు తిప్పి, చీపురుతో మెట్ల పక్కన ఊడ్చాడు కూడా. ఆ మెట్ల దగ్గర అంత శుభ్రంగా ఊడ్చినవాళ్ళు ఆ ఇంట్లోనే లేరు. మనసు తేలికపడింది. పాపం మట్టిలో పుట్టింది, జేబులోకొచ్చింది, సాయంత్రం ఏ మురిక్కాలవలోనో పారేస్తే సరి.

ఎనిమిదింటికి నీళ్ళు వదిలారు. వెనకింట్లో బకెట్ దొర్లిన చప్పుడు, వెంటనే ఆమె కేక. ఫిట్టర్ కందకం దాటుకుంటూ పరిగెత్తాడు. ఆ ఇంట్లో కుళాయి ఎప్పుడూ తిప్పే ఉంచుతారు, కింద బకెట్ పెట్టి వాళ్ళ పనుల్లో వాళ్ళుంటారు. నూలుపోగంత ధారకి ఎవరు కాపలా కూర్చుంటారు? ఆ సంగతి అతనికి తట్టనే లేదు. స్నానాలగదిలో కుళాయి మణికట్టంత లావున నీళ్ళు కక్కుతోంది. బకెట్ పక్కకి పడి గోడకి కొట్టుకుంటోంది. ఆమె మోకాళ్ళ దాకా తడిసి నిలబడి ఉంది, కట్టెయ్యాలని కూడా తోచలేదు ఆమెకి. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక పైపు అంత గొంతు ఎత్తడం ఆమె వినలేదు.

ఫిట్టరే వెళ్ళి కుళాయి కట్టేశాడు. తవ్వుతుంటే పాత పైపు అదిరిందని, లోపల తుప్పు కదిలి దారి ఇచ్చినట్టుందని చెప్పాడు. ఇన్నేళ్ళుగా దాచడానికి నోరు అలవాటు పడింది, తడబడలేదు.

ఆమె కుళాయి మళ్ళీ తిప్పింది. చెయ్యి కింద పెట్టి ఆ బరువు చూసింది.

"మరి నీళ్ళు మెరక ఎలా ఎక్కాయన్నా?" అంది.

ఎదురు నిలదీసినట్టు అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. అప్పుడప్పుడు ప్రెషర్ పెంచుతారు, అలాంటప్పుడు ఎక్కుతాయన్నాడు. ఆమె తలాడించింది. కూతురు షాపుకి వెళుతూ గుమ్మంలో ఆగి ఆ నీళ్ళు చూసి నవ్వింది. దానికి నవ్వడం తప్ప ఏం తెలీదన్న మాట గుర్తొచ్చి ఫిట్టర్ బయటికి వచ్చేశాడు.

నడక నుంచి వచ్చిన మాస్టారు తడిసిన వాకిలి చూశారు, ఊడ్చిన మెట్ల పక్క చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ కందకం దాకా వచ్చి, పక్కింటికి కూడా వినపడని గొంతుతో మాట్లాడారు.

"తీసేశావన్నమాట. మంచి పనే. ఎప్పుడో తియ్యాల్సింది. తీసినవాడివి ఇక మాట్లాడకు. వాడు పోయాడు. ఇప్పుడు తవ్వితే నా పరువొక్కటే కాదు బయటపడేది. ట్యూబు పట్టకుండా బిళ్ళ వేసేవాడిని రేపు ఏ ఇంటికి పిలుస్తారు?"

బిళ్ళ సంగతి ఆయన మర్చిపోయి ఉంటారని, అసలు మెరకో పల్లమో తెలియకే చెప్పి ఉంటారని ఫిట్టర్ ఇన్నాళ్ళూ లోలోపల ఒక ఆశ పెట్టుకున్నాడు. తనకి తోడు ఇంకొకరి పొరపాటు ఉంటే తన పొరపాటు బరువు తగ్గుతుంది కదా. ఆ ఆశా పోయింది. ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. తప్పిందల్లా ఫిట్టర్‌దే.

మధ్యాహ్నం ఎదురు వరసలో ఉండే దర్జీ పెద్దాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి కందకంలోకి తొంగి చూశాడు. ఎనభై దాటాయి, చెవులు దాదాపు పోయాయి. ఆ రోజు అరుగు మీద కూర్చున్న నలుగురిలో ఈయనొకడు. ఎవరికయ్యా ఈ గొయ్యి అని వీధి దద్దరిల్లేలా అడిగాడు. చెవిటివాళ్ళకి లోకమంతా చెవిటిదే. పైపుకి అని ఫిట్టర్ మూడుసార్లు అరిచి చెప్పాక, మంచిదే, పోయినాయన కళ్ళచూస్తే బాగుండేది అని అంతే గట్టిగా అని వెళ్ళిపోయాడు. ఆమె పార ఆపి ఆయన వెళ్ళిన వైపే కాసేపు చూసింది.

ఆ సాయంత్రం కాలవ దగ్గర సైకిలు ఆపాడు ఫిట్టర్. బిళ్ళ తీసి చేతిలో పెట్టుకున్నాడు. పారెయ్యలేదు. ఇంటికి పోయి అన్నం కెలికి లేచాడు.

మూడో రోజు ఆమె అతనికంటే ముందే కందకంలో దిగి ఉంది. కందకంలో అడుగున ఇసుక పరిచింది, నీలం ప్లాస్టిక్ పైపు చుట్ట విప్పుతుంటే రెండో కొస పట్టుకుంది, వంపుల దగ్గర రాయి తగలకుండా చేత్తో మట్టి ఏరింది. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర పోయిన మొహం కాదు. ఫిట్టర్ మెయిన్‌కి రంధ్రం పెట్టి కొత్త కనెక్షన్ బిగించాడు, గోడకి మీటరు కట్టాడు. మెట్ల దగ్గర పలక లేపి పాత పైపుని రంపంతో కోసి కొసకి మూత బిగించాడు. మాస్టారు అరుగు మీద పేపరు చదువుతూనే ఉన్నారు. ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

పదకొండింటికి తిప్పి చూడమన్నాడు. పాత కుళాయి పక్కనే కొత్త కుళాయి, ఇంకా జిగురు వాసన పోలేదు. ఆమె తిప్పింది. ముందు గాలి దగ్గింది, తర్వాత మట్టి రంగు, తర్వాత తెల్లటి ధార. ఇంకెవరికీ పంచాల్సిన పని లేని నీళ్ళు. బకెట్ చూస్తుండగా నిండింది. ఆమె కుళాయి కట్టి, ఆ బకెట్ పక్కనే గచ్చు మీద కూర్చుంది.

ఆమె సంతోషిస్తుందని, రెండు మంచి మాటలంటుందని, ఆ మాటలు మోసుకుని వెళ్ళిపోవచ్చని అనుకున్నాడు ఫిట్టర్. సంచీ సర్దుతున్నాడు.

"ఒకటడుగుతాను, చెప్పన్నా" అంది. "ఆ రోజు నువ్వు మెరక అని చెప్పి వెళ్ళాక మా ఆయన ఒప్పుకోలేదు. తవ్వి చూద్దాం, మెట్ల దగ్గర తవ్వండి అని పట్టుబట్టాడు. పెద్దలు లేచిపోతున్నారు. నేనే అడ్డం పడ్డాను. కొలిచి చెప్పినవాడి కంటే నీకెక్కువ తెలుసా, పరువు తియ్యకు, అన్నగారికి తప్పయిందని చెప్పు అన్నాను. నా మాట కాదనలేక చెప్పాడు. అందరి ముందూ. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళ మాట ఎత్తలేదు. గడియారం కూడా ఎవరికో ఇచ్చేశాడు. నిన్న ఆ నీళ్ళు చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. తుప్పు కదిలితేనే అంత వచ్చిందా?"

ఫిట్టర్ జేబులోంచి బిళ్ళ తీసి బకెట్ అంచు మీద పెట్టాడు. ఇలాంటి చోట మాటలు కూడబలుక్కునే తెలివి అతనికి లేదు. ఎప్పుడు వేశాడో, ఎవరు చెబితే వేశాడో, ట్యూబు ఎందుకు విప్పలేదో, విప్పిన రోజు ఏం మింగాడో అంతా చెప్పాడు. మాస్టారు నిన్న అన్న మాటా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఒక్కో మాటకీ ఛాతీ మీద బరువు దిగుతున్నట్టే ఉంది. అది ఎక్కడికి దిగుతోందో చెప్పడం పూర్తయి తలెత్తాక చూశాడు.

ఆమె ఏడవలేదు. బావగారిని తిట్టలేదు, ఇతన్నీ తిట్టలేదు. బిళ్ళని వేలి చివర తీసుకుని వెలుతురుకేసి పట్టి ఆ బెజ్జంలోంచి చూసింది.

"నేను కూడా నమ్మలేదు" అంది చివరికి. "లోకం నమ్మకపోతే పోయింది. పక్కన పడుకున్నదాన్ని, నేనూ నమ్మలేదు."

ఫిట్టర్ క్షమించమన్నాడు. ఆ మాట ఆ గదిలో దేనికీ చాలలేదు. తల వంచుకుని సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి అంది.

"ఆ మాట ఆ రోజు నలుగురిలో చెప్పావు. ఈ మాట నా ఒక్కదానికే చెప్పి పోతావా అన్నా?"

వీధిలోకి వచ్చి సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కితే ఇంటికి పోవచ్చు. ఆ నలుగురూ ఇప్పుడెక్కడున్నారని అతనికి అతనే వాదించుకున్నాడు. ఒకాయన పోయాడు. ఇంకొకాయన ఇల్లమ్ముకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. మూడో ఆయన మంచంలో ఉన్నాడు, కన్నకొడుకునే ఎవరు నువ్వంటాడు. మిగిలింది దర్జీ పెద్దాయన, చెవిలో తుపాకీ పేల్చినా వినపడనివాడు. చెప్పాలన్నా చెప్పించుకునేవాడేడీ? వాదన బాగానే ఉంది. మెరక అన్నమాటలాగే ఇందులోనూ అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ పోలిక అతనికే తట్టింది. సైకిలు గోడకి ఆనించి ఎదురుగా టీ కొట్టు దగ్గరికి నడిచాడు.

పెద్దాయన బెంచీ మీద ఎండకి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు టీ తాగుతున్నారు. ఫిట్టర్ వంగి ఆయన చెవిలో చెప్పాడు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. పైపు బాగుందా, సంతోషం అన్నాడాయన. గుట్టుగా చెప్పే వీలు ఈ ముసలాయన దగ్గర లేదని ఫిట్టర్‌కి అర్థమైంది. నిటారుగా నిలబడి, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేలా అరిచాడు.

"వెనకింటి పైపులో నేనే బిళ్ళ వేశాను. మాస్టారు వెయ్యమన్నారు. ఆ రోజు మీ ముందు దాచాను. పోయినాయనది పిచ్చి కాదు, ఆయన చెప్పిందే నిజం."

టీ గ్లాసులు గాల్లో ఆగాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. అరుగు మీద పేపరు కిందికి దిగింది. రెండిళ్ళ అవతల ఎవరో బిందె కింద పెట్టి మరీ చూస్తున్నారు. రేపటి నుంచి ఈ వీధిలో తనని ఎవరూ పనికి పిలవరని ఫిట్టర్‌కి తెలుసు. అయినా నలుగురికి బదులు నలభై మంది విన్నారు కదా అనుకున్నాడు.

ఈసారి పెద్దాయనకి వినపడింది. ఆశ్చర్యపోలేదు. ఓస్ ఇంతేనా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన మామూలుగా మాట్లాడినా అది వీధంతటికీ మాటే.

"బిళ్ళ సంగతి మాకు తెలుసులేవయ్యా. మాస్టారు ముందురోజే మా అందరికీ చెప్పాడు. తీసేస్తే ఇంటి పరువు పోతుందన్నాడు. ఏం చెయ్యాలో తోచక నిన్ను పిలిపించాం. ఫిట్టరు బిళ్ళ ఉందని బయటపెడితే ఇక మేమూ ఒప్పుకోవాల్సిందే అనుకున్నాం. నువ్వు మెరక అన్నావు. బతికించావురా బాబూ అనుకుని లేచాం."

నలుగురూ తన మాట కోసమే ఎదురు చూశారన్నమాట. తను దాచింది తెలియనివాళ్ళ దగ్గర కాదు. తెలిసినవాళ్ళంతా తన నోటి వంక చూస్తూ కూర్చున్నారు, ఆ ఒక్క మాటతో ఆ మనిషి బతుకు అటో ఇటో తేలిపోయేది.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాడు. ఆమె వీధి దాటి వస్తోంది. ఎంతవరకు విన్నదో అడగక్కర్లేదు, ఆ గొంతు విననివాళ్ళు ఆ వీధిలో లేరు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. ఫిట్టర్ వంక చూడలేదు, అరుగు వంకా చూడలేదు. నేరుగా వచ్చి పెద్దాయన ఎదురుగా నిలబడింది.

"మా ఆయనకి పిచ్చి లేదు" అంది.

పక్కనున్న ఫిట్టర్‌కే సరిగా వినపడలేదు. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏంటమ్మా అన్నాడు. ఆమె ఇంకాస్త గట్టిగా అంది. వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది.